ఫోన్‌లో అంకె చెప్పకు, నాన్నా

సంక్రాంతి దాటిందంటే చాలు, నీ ఫోన్ ఆగదు. ఇంజనీరింగ్ కాలేజీల ఫెస్టులన్నీ మార్చి లోపలే. ఇన్నాళ్ళూ పెళ్ళి పందిళ్ళకీ వినాయకచవితి మండపాలకీ తిరిగిన నీ బాక్సులు ఇప్పుడు కాలేజీ గ్రౌండ్‌లో వేలమంది పిల్లల ముందు పలకబోతున్నాయంటే సంతోషమే. పని నేర్చుకున్నావు, ఒళ్ళు దాచుకోకుండా చేస్తావు, అందులో నేనేమీ అనను. కానీ అబ్బాయ్, నీ తొందరే నాకు నచ్చదు. ఎవరో కుర్రాడు ఫోన్ చేసి, 'అన్నా, పెద్ద ప్రోగ్రాం, ఓపెన్ గ్రౌండు, ఎంతవుతుంది?' అంటాడు. నువ్వు బండి నడుపుతూ, హెల్మెట్లో ఇరికించిన ఫోన్లోనే ఒక రేటు చెప్పేస్తావు. పక్కవాడు ఎత్తుకుపోతాడేమోనని భయం.

ఫోన్‌లో అంకె చెప్పకు. ఈ మాట ఇవాళ మళ్ళీ మళ్ళీ అంటాను, విసుక్కోకు. పెళ్ళికి వంట మేస్త్రిని పిలిస్తే ఆయనేం చేస్తాడు? ఎంతమంది, ఏ పూట, నీళ్ళెక్కడ, గ్యాసా కట్టెలా అని అడిగి, పెరడు ఒకసారి చూసి, అప్పుడు నోరు విప్పుతాడు. నువ్వేమో 'గ్రౌండు' అన్న ఒక్క మాటకే నోరు జారతావు. నువ్వన్న అంకె ఆ సాయంత్రానికే వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. తరవాత వెళ్ళి మైదానం చూసి, గుండె జారి, ఎక్కువ చెప్పావనుకో, మాట మార్చినవాడివవుతావు. చెప్పకుండా మింగేశావనుకో, ఆ నష్టం నీ ఇంట్లోవాళ్ళే మోస్తారు.

ముందు వెళ్ళి మైదానం చూడు. టేపు పట్టుకెళ్ళు. ఫంక్షన్ హాల్లో గోడలూ కప్పూ శబ్దాన్ని తిప్పి లోపలికే పంపి నీకు సాయం చేస్తాయి. ఆరుబయట ఆ సాయం ఉండదు. మామూలు బాక్సు నుంచి దూరం రెట్టింపయినప్పుడల్లా 6 డెసిబెల్స్ పడిపోతాయి. 10 మీటర్ల దగ్గరున్న పిల్లాడికీ 80 మీటర్ల దగ్గరున్న పిల్లాడికీ మధ్య దూరం మూడుసార్లు రెట్టింపవుతుంది, అంటే 18 డెసిబెల్స్ తేడా. ముందు వరసలో చెవులు మూసుకుంటుంటే, వెనక 'సౌండ్, సౌండ్' అని అరుపులు. లైన్ ఎరే వేలాడదీసేది ఈ తేడా తగ్గించడానికే. దాంతో కొంత దూరం దాకా రెట్టింపుకి 3 డెసిబెల్స్ చొప్పునే పడుతుంది. అయితే నాలుగు బాక్సులు ఒకదాని కింద ఒకటి తగిలించి లైన్ ఎరే పెట్టానని బిల్లు రాయకు. ఆ పొడుగుకి అంత పని జరగదు.

జనాన్ని కూడా చదరపు మీటర్లలో ఆలోచించు. నిలబడి చూసే ప్రోగ్రాంలో చదరపు మీటరుకి ఇద్దరు చొప్పున లెక్కేసుకో. ఐదువేల మందికి 2,500 చదరపు మీటర్లు, అంటే 50 బై 50. పదివేల మంది వస్తారంటే, అదే వెడల్పులో లోతు 100 మీటర్లకి పోతుంది. అప్పుడు మధ్యలో డిలే టవర్లు లేకుండా కుదరదు. 60 మీటర్ల దగ్గర టవర్ పెట్టావంటే, స్టేజీ మీది శబ్దం అక్కడికి రావడానికి సుమారు 175 మిల్లీసెకన్లు పడుతుంది. టవర్లో శబ్దాన్ని అంతసేపు ఆపి వదలాలి, లేకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినపడుతుంది. టవరంటే రెండు బాక్సులే కదా అనుకుంటావు. దానికో ట్రస్సు కావాలి, ఆంప్లిఫయరు కావాలి, జనం కాళ్ళ మధ్య నుంచి కేబుల్ లాగాలి, ఆ కేబుల్ మీద ఎవరూ తట్టుకు పడకుండా ర్యాంపు వెయ్యాలి, పిల్లలు దానిమీదకి ఎక్కకుండా ఒక మనిషి కాపలా ఉండాలి. ఇవన్నీ 'ఓపెన్ గ్రౌండు' అన్న మాటలో నీకు వినపడ్డాయా? వినపడవు. అందుకే ఫోన్‌లో అంకె చెప్పకు అనేది.

'ఇంకొంచెం సౌండ్ ఉండాలన్నా' అంటారు. ఆ 'ఇంకొంచెం' ఖరీదు వాళ్ళకి తెలియదు, నీకు తెలిసి తీరాలి. 3 డెసిబెల్స్ పెంచాలంటే పవర్ రెట్టింపు కావాలి. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పదింతల పవర్. ఆంప్లు, బాక్సులు, కరెంటు అన్నీ దాన్నిబట్టే పెరగాలి. నోటితో 'సరేలే చూద్దాం' అనేసి వచ్చాక లిమిటర్లు ఎర్రగా వెలుగుతుంటే బాక్సుల్లోని డ్రైవర్లు కాల్చుకునేది నువ్వే.

మైదానం చూశాక పాడేవాళ్ళ సంగతి. పేరున్న గాయకుడో బ్యాండో వస్తే వాళ్ళ సౌండ్ ఇంజనీరు తమకి కావాల్సిన సామాను రాసిన టెక్నికల్ రైడర్ పంపుతాడు, ఇన్‌పుట్ లిస్టు పంపుతాడు. కాలేజీ పిల్లలకి దాని విలువ తెలియదు. ఆ పీడీఎఫ్ వాళ్ళ మెయిల్లో రెండు వారాలు నిద్రపోయి, ప్రోగ్రాం ముందురోజు రాత్రి నీ ఫోన్‌కి వస్తుంది. తెరిచి చూస్తే డిజికో కన్సోల్ అని ఉంటుంది, లేదా యమహా సీఎల్5 అని ఉంటుంది. నీ దగ్గరున్నది ఎక్స్32. మంచి మిక్సరే, కాదనను. కానీ దాని వెనక ఉండే మైక్ ఇన్‌పుట్లు 32. డ్రమ్స్ ఒక్కటే ఎనిమిదో తొమ్మిదో మైకులు తినేస్తుంది. కీబోర్డులూ గిటార్లూ ట్రాకులూ కోరస్సూ కలిపితే నీ లెక్క దాటిపోతుంది. అప్పుడు హైదరాబాదుకో చెన్నైకో పరుగెత్తి, ఎవరెంత అడిగితే అంత పోసి అద్దెకి తెస్తావు. అది నీ కొటేషన్‌లో లేదు మరి! రైడర్ చేతికొచ్చాకే రేటు. రైడర్ ఇంకా రాలేదంటారా, 'ఇంతవరకు ఈ సామాను, దీనికి మించి రైడర్‌లో ఏముంటే అది అదనం' అని రాసివ్వు. డ్రమ్ కిట్టు, గిటార్ ఆంప్లు ఎవరు తేవాలో కూడా ఆ కాయితం మీదే ఉండాలి. స్టేజీ మీద డ్రమ్మర్ నిలబడి 'డ్రమ్స్ ఏవి?' అని అడిగినప్పుడు నువ్వూ కమిటీవాళ్ళూ ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం బాగుండదు.

జనరేటరూ అంతే. 125 కేవీఏ అంటే చేతికొచ్చేది 100 కిలోవాట్లే. లైట్లకీ సౌండుకీ ఒకటే జనరేటర్ పెట్టి డబ్బు మిగిలిందనుకోకు. లైట్ల గోల నీ స్పీకర్లలో బుయ్‌మని వినపడుతుంది. డీజిల్ ఎవరిదో ముందే తేల్చుకో. ప్రోగ్రాం సాయంత్రం ఏడింటికే అయినా, సౌండ్ చెక్ పేరుతో అది మధ్యాహ్నం నుంచే తాగుతుంది. ఎర్తింగ్ దగ్గర, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ దగ్గర ఒక్క రూపాయి కూడా బేరం పెట్టకు. తడి గడ్డి మీద నిలబడి ఇనప మైకు పట్టుకునేది ఎవరి బిడ్డో ఆలోచించు.

ఇప్పుడు నీ కుర్రాళ్ళ సంగతి. నువ్వు 'ఒక సాయంత్రం ప్రోగ్రాం' అని రేటు వేస్తావు. ముందురోజు డీసీఎం వ్యాన్లో సామాను ఎక్కించాలి, దించాలి, ట్రస్సు కట్టాలి, కేబుళ్ళు పరచాలి. ఆ రోజు పొద్దుటి నుంచి సౌండ్ చెక్. ప్రోగ్రాం అయ్యాక అన్నీ విప్పి ఎక్కించేసరికి తెల్లవారుజాము మూడో నాలుగో అవుతుంది. వాళ్ళకది ఒక సాయంత్రమా? రెండు రోజులు, రెండు రాత్రులు. అదే కుర్రాడు అదే నిద్రకళ్ళతో హైవే మీద బండి నడిపితే, వాళ్ళమ్మ గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తుంటుంది. వేరే డ్రైవరు కూలీ, కుర్రాళ్ళకి పడుకోవడానికో గది, మూడు పూటలా తిండి, ఇవి కొటేషన్‌లో వెయ్యి. 'కాలేజీ క్యాంటీన్లో తినేస్తాంలే' అని వదిలేస్తే క్యాంటీను తొమ్మిదింటికే మూస్తారు, వాళ్ళు పస్తుంటారు.

సామాను అరుగుదల కూడా ఎవరూ లెక్కెయ్యరు. నీ సామాను 15 లక్షలనుకుందాం. ఐదేళ్ళు బాగా పనిచేస్తుందనుకుందాం. ఏడాదికి 60 ప్రోగ్రాములనుకుందాం. మొత్తం 300 ప్రోగ్రాములు. అంటే ప్రతి ప్రోగ్రాంకీ నీ సామాను 5,000 రూపాయల మేర అరిగిపోతోంది, నువ్వు చూసినా చూడకపోయినా. దానిమీద గోడౌన్ అద్దె, రిపేర్లు, అప్పు మీద వడ్డీ. మూఢంలోనూ ఆషాఢంలోనూ పెళ్ళిళ్ళుండవు, నీ బాక్సులు దుమ్ము కొట్టుకుంటాయి, కానీ బ్యాంకువాడికి మూఢం లేదు. ఆ బాక్సులు కొనడానికి నీ భార్య గాజులు తాకట్టులో ఉంటే, ఆ గాజులు విడిపించే రూపాయి కూడా ఇదే రేటులోంచి రావాలి. అది లాభం కాదు నాన్నా, ఖర్చు. లాభం అంటే దాని తరవాత మిగిలేది.

పన్ను సంగతి చెప్తే నువ్వు ఆవలిస్తావు, అయినా వినాలి. నువ్వు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాడివైతే ఈ పనికి 18 శాతం. '3 లక్షలు, అంతా కలిపి' అని నోటితో అన్నావంటే, అందులో నీది సుమారు 2,54,237 రూపాయలే. మిగతా 45,763 సర్కారుది. కాలేజీ నీకు డబ్బిచ్చిందా లేదా అని ఎవరూ అడగరు. బిల్లు కొట్టిన మరుసటి నెలలోనే కట్టాలి. అడ్వాన్సు తీసుకున్నా దానిమీదా కట్టాలి. అందుకని ప్రతి కొటేషన్ మీదా 'జీఎస్టీ అదనం' అని కళ్ళకి కనపడేలా రాయి. కాలేజీ టీడీఎస్ కోసుకుని ఇస్తుంది. అది పోయిన డబ్బు కాదు, రిటర్ను వేసినప్పుడు నీ లెక్కలోకి వస్తుంది, కానీ ఆ నెల చేతిలో ఉండదు.

ఇంతా చేసి నువ్వు కొటేషన్ ఇస్తావు. అప్పుడు కమిటీ కుర్రాడు అంటాడు, 'ఇంకొకాయన సగానికే చేస్తానన్నాడు' అని. ఇక్కడే నీ నిబ్బరం కావాలి. ఆ ఇంకొకాయన్ని తిట్టకు. ఆయన కష్టం ఆయనది, ఆయన లెక్క ఆయనది. 'ఆయన ఏమేం ఇస్తున్నాడో ఒకసారి రాయించి తీసుకోండి, మీరే పక్కపక్కన పెట్టి చూసుకోండి' అను. తగ్గించాల్సి వస్తే సామాను తగ్గించు, రేటు తగ్గించకు. 'డిలే టవర్లు వద్దంటే జనాన్ని ముందు సగంలోకే పరిమితం చెయ్యండి, ఇంత తగ్గుతుంది' అను. 'మానిటర్ కన్సోల్ వేరే వద్దంటే ఇంత తగ్గుతుంది, మరి రైడర్ పంపినవాళ్ళకి మీరే చెప్పుకోవాలి' అను. ఒకే సామానుకి ఒకసారి 4 లక్షలనీ, కాసేపటికి రెండున్నర అనీ అన్నావంటే, ఇందాకటి ఒకటిన్నర లక్ష మోసమే అనుకుంటారు. అనుకోక?

వాళ్ళింకో మాట అంటారు, తియ్యగా: 'ఈసారి తక్కువకి చెయ్యన్నా, వచ్చే ఏడాది కూడా నీకే.' ఆ అన్నవాడు ఫైనలియర్. వచ్చే ఏడాదికి వాడు బెంగుళూరులోనో డల్లాస్‌లోనో ఉంటాడు. కమిటీలో కొత్త పిల్లలుంటారు, వాళ్ళకి నువ్వెవరో తెలియదు. వాళ్ళు అబద్ధం చెప్తున్నారని కాదు, మంచి పిల్లలే, ఆ క్షణానికి నిజంగానే అంటారు. కానీ ఆ మాట నిలబెట్టడానికి వాళ్ళక్కడ ఉండరు కదా. ఏటేటా అక్కడే ఉండేది ప్రిన్సిపలూ, అకౌంట్స్ ఆఫీసూ, ఎలక్ట్రీషియనూ. మంచి పేరు వాళ్ళ దగ్గర తెచ్చుకో.

అందుకే సంతకం కూడా వాళ్ళదే కావాలి. కమిటీ కుర్రాళ్ళు స్పాన్సర్ల మీద ఆశతో మాటిస్తారు. స్పాన్సర్ చివరి వారంలో చెయ్యెత్తేస్తే నీ డబ్బు గాల్లో ఉంటుంది. కాలేజీ లెటర్‌హెడ్ మీద వర్క్ ఆర్డర్ వచ్చాకే డేటు పక్కా చెయ్యి. తేదీ ఖాయం చేసిన రోజు సగం, సామాను గేటు దాటి లోపలికి రాకముందు నలభై శాతం, మిగతా పది తరవాత. గేటు బయట నిలబడి అడగడానికి మొహమాటపడతావు, తెలుసు. ఆ మొహమాటం అక్కడ దాటలేదనుకో, రాత్రి తొమ్మిదింటికి, పాట మధ్యలో, 'డబ్బివ్వకపోతే ఆపేస్తా' అనే స్థితికి వస్తావు. ఆ పని మాత్రం ఎప్పటికీ చెయ్యకు. ముందర వేలమంది పిల్లలుంటారు. చీకట్లో ఉన్నట్టుండి సౌండ్ ఆగిపోతే వాళ్ళెటు కదులుతారో ఎవరికీ తెలియదు. డబ్బు గొడవ గేటు దగ్గరే తేలిపోవాలి, స్టేజీ దాకా రాకూడదు.

జనం ఎటు కదులుతారో తెలియదన్నాను కదా. 2023 నవంబరు 25న కొచ్చిలోని కుసాట్ యూనివర్సిటీలో, టెక్ ఫెస్ట్ సంగీత కార్యక్రమం ఇంకా మొదలు కాకముందే వాన పడింది. బయటున్న జనం ఆడిటోరియంలోకి ఒక్కసారిగా తోసుకొచ్చారు. మెట్ల దగ్గర నలుగురి ప్రాణాలు పోయాయి. అందులో సౌండువాళ్ళ తప్పుందని నేననడం లేదు. కానీ అంత జనానికి ఒక్క మాట చెప్పగలిగే సాధనం గ్రౌండ్ మొత్తంలో నీ చేతిలోనే ఉంటుంది, అది గుర్తుంచుకో. ఒక మైకూ, నాలుగు బాక్సులూ, మెయిన్ జనరేటర్ ఆగినా పలికేలా వేరే పవర్ మీద పెట్టు. దానికి అయ్యే ఖర్చు కొటేషన్‌లో ఒక లైనుగా వెయ్యి. ఎందుకని అడిగితే చెప్పు. చెప్పాక కూడా ఆ లైను కొట్టేసే ప్రిన్సిపల్ ఉంటాడని నేననుకోను.

వానకీ ఒక లైను ఉండాలి. ముందురోజు వాయిదా వేస్తే ఎంత, సామాను దించాక ఆగితే ఎంత, అన్నీ కట్టాక కొట్టుకుపోతే ఎంత. గాలి పెరిగితే వేలాడే బాక్సులు కిందికి దించే నిర్ణయం నీదే, కమిటీది కాదు, అదీ రాయి. పది గంటల సంగతీ రాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరింటి దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. ప్రభుత్వం ప్రత్యేకంగా సడలించిన కొద్దిరోజులే అర్ధరాత్రి దాకా వీలు. పోలీసు పర్మిషన్ తేవడం కాలేజీ పని, పాటల లైసెన్సులు తేవడం కూడా వాళ్ళ పనే. పాడే ఆయన ఆలస్యంగా వచ్చి తొమ్మిదిన్నరకి స్టేజీ ఎక్కితే పదింటికి ఆగినా నీ డబ్బు నీకు పూర్తిగా రావాలి. 'ఒక్క పాట, ఒక్క పాట' అని పిల్లలు బతిమాలతారు. పోలీసాయన వచ్చేది మాత్రం నీ మిక్సర్ దగ్గరికే.

చెవుల్లో ప్లగ్గులు పెట్టుకో. 100 డెసిబెల్స్ దగ్గర రోజుకి పావుగంటకి మించి వినకూడదంటారు, నువ్వు మూడు గంటలు నిలబడతావు. సబ్‌వూఫర్ల ముందు నిలబడి ఊగే ఆ హెల్పర్ కుర్రాడికి కూడా ఒక జత కొనిపెట్టు. ఇంటికెళ్ళాక మీ పాప పిలిస్తే వినపడాలిగా.

ఇక బిల్లు. ప్రోగ్రాం అయిన వారంలోనే పంపు, నెల ఆగకు. ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించుకుని ఆ నంబరు బిల్లు మీద వెయ్యి. చిన్న సంస్థలకి 45 రోజుల్లోపు డబ్బివ్వాలని 2006 నాటి చట్టంలో ఉంది, దాటితే బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ కూడా. కోర్టుకెక్కమని కాదు నేననేది, ఆ నంబరు చూస్తే ఆఫీసులో ఫైలు కొంచెం చురుగ్గా కదులుతుంది, అంతే. ఫోన్లో అరవకు. రెండు వారాలకి ఒకసారి స్వయంగా వెళ్ళు, అకౌంట్స్ ఆయన్ని పేరుపెట్టి పలకరించు, ఆయన ఇచ్చిన టీ తాగు. ఆయన టేబుల్ మీద కాయితాల కట్టలో నీ బిల్లు ఎక్కడుందో కళ్ళతో చూసుకో. అడుగున ఉంటే, 'ఒక్కసారి చూస్తారా సార్' అని అడిగి పైకి తీయించి రా.